తెగిన లింకులు: 404 ఒక్కటి చూస్తే చాలదు

సంపాదకులకు,

పాత కథనాలు పోగుపడిన ఏ వెబ్‌సైట్‌లోనైనా తెగిన లింకులు ఉంటాయి. వాటిని వెతికే ఉచిత టూల్ రాయడం పెద్ద పనేం కాదు. కానీ 404 (‘పేజీ దొరకలేదు’ అని సర్వర్ పంపే కోడ్) వచ్చిందా లేదా అన్నదొక్కటే చూస్తే నివేదిక తప్పులతడక అవుతుంది.

ప్రతి లింకునూ ముందు పూర్తి చిరునామాగా మార్చాలి. మెయిల్, ఫోన్ లింకులను వదిలేయాలి. ఒకే చిరునామా వంద పేజీల్లో ఉన్నా ఒక్కసారే అడగాలి. పేజీ మొత్తం దించుకోకుండా దాని వివరాలు మాత్రమే అడిగే ‘హెడ్’ అభ్యర్థన పంపితే డేటా ఆదా. అయితే కొన్ని సర్వర్లు దానికి 405 (ఈ తరహా అభ్యర్థన కుదరదు) అనో, ఏకంగా 404 అనో బదులిస్తాయి. పేజీ మొత్తం అడిగే ‘గెట్’తో మళ్లీ అడిగాకే తేల్చాలి. 410 అంటే పేజీని కావాలనే తీసేశారని. 403 (అనుమతి లేదు) వస్తే లింకు తెగిందని కాదు, మన టూల్ లాంటి రోబోను గుమ్మం దగ్గరే ఆపి ఉండొచ్చు. 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు) వచ్చిందంటే తొందర మనదే: జవాబుతో వచ్చే ‘రిట్రై-ఆఫ్టర్’ హెడర్ చెప్పినంతసేపు ఆగాలి. ఒక్కో సర్వర్‌ను సెకనుకు ఒకసారికి మించి అడగకపోవడం మర్యాద.

అసలు చిక్కు ‘పేజీ దొరకలేదు’ అని చూపిస్తూనే 200 (అంతా సరే) కోడ్ పంపే సైట్లతో. అదే సైట్‌లో ఉండే అవకాశమే లేని చిరునామా ఒకటి అడిగి, రెండు జవాబులనూ పోల్చితే చాలావరకు దొరికిపోతాయి.

తెగిన లింకు ఏ పేజీలో ఉందో చెప్పని నివేదిక మాత్రం దేనికీ కొరగాదు.

– ఒక ప్రోగ్రామర్