నొప్పికి పదికి ఎన్ని మార్కులు?

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

మొన్న ఫోన్లో "నడుం ఎలా ఉందే?" అని నువ్వడిగితే "ఆఁ, బానే ఉంది" అనేసి మీవాడి పెళ్లి మాటల్లోకి దించేశాను చూడు, అది అబద్ధం. నీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుందిలే. లేకపోతే ఇంకో ప్రశ్న వెయ్యకుండా వదిలే రకానివా నువ్వు! పక్కన అత్తయ్యగారున్నారు, ఏం చెప్పమంటావు? అందుకే కాగితం తీశాను. ఓ 20 నిమిషాలు రాసి, లేచి వంటింటిదాకా నడిచొచ్చి, మళ్లీ రాస్తాను. మధ్యలో చేతిరాత మారిపోతే తిట్టుకోకు.

మూడేళ్ల కిందట నీళ్ల బిందె ఎత్తుతుంటే కలుక్కుమంది కదా, అక్కడ మొదలు. పట్టేసింది, నాలుగు రోజుల్లో అదే పోతుందనుకున్నాం. వావిలాకు నీళ్లు, ఇసుక కాపడం, నడుం బెల్టు, పక్కింటావిడ ఇచ్చిన నూనె... అన్నీ అయ్యాయి. మూడు నెలలు దాటినా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారట. నాది మూడేళ్లు. ఈపాటికి రేషన్ కార్డులో పేరెక్కించాల్సింది.

మొదట వెళ్లినచోట ఓ కాగితం చేతికిచ్చి, నొప్పికి సున్నా నుంచి పది లోపు అంకె వెయ్యమన్నారు. 22 ఏళ్లుగా పిల్లలకి మార్కులేస్తున్న లెక్కల టీచర్ని, నాకు పెన్ను ఆడలేదే! పొద్దున లేవగానే పట్టేసినట్టుంటుంది. బోర్డు దగ్గర నిలబడితే తుంటి నుంచి పిక్కదాకా లాగుతుంది. దగ్గితే పోటు. వంగితే జివ్వుమంటుంది. రాత్రి పడుకుంటే సలుపు. వీటన్నిటినీ కూడి అయిదుతో భాగించాలా? చివరికి ఆరు వేశాను. ఏడేస్తే బడాయి అనుకుంటారని, అయిదేస్తే పట్టించుకోరని.

ఈ గోల తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయికి చెబితే పకపకా నవ్వింది. కెనడాలో మెల్జాక్ అనే ఆయన 1975లోనే నొప్పిని చెప్పే మాటలు 78 ఏరి ఓ ప్రశ్నాపత్రం తయారుచేశాడట, అంకె ఒక్కటీ చాలదని. మీ అమ్మమ్మని కూర్చోబెట్టి ఉంటే ఒక్క పూటలో వంద చెప్పేది, టీ కూడా అడక్కుండా.

అసలు నన్ను పడగొట్టింది బిందె కాదు, స్కాన్ కాగితం. ఎల్4 - ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, డిజెనరేటివ్ మార్పులు అని రాసుంది, అంటే నడుం దగ్గర వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త ఉబ్బిందని, అరుగుదల ఉందని. అది చూసిన ఓ డాక్టరుగారు (పేరెందుకులే) "ఇంక వంగారంటే అంతే సంగతులు" అన్నారు. అంతే సంగతులు అంటే ఏ సంగతులో చెప్పలేదు. మిగతావన్నీ నేనే కల్పించుకున్నాను. ముగ్గు మానేశాను. కింద పడ్డ చాక్‌పీసుని పిల్లలతో తీయించుకునేదాన్ని. ఏడాదిపాటు బల్లచెక్కలా తిరిగాను, నమ్ముతావా?

ఇంకో డాక్టరమ్మ అదే కాగితం చూసి ముందు కాళ్లలో బలం పరీక్షించింది, తిమ్మిరి, మూత్రం అదుపు గురించి అడిగింది. కాలు బలం తప్పడం, మూత్రం అదుపు తప్పడం లాంటివి ఉంటే వెంటనే పరుగెత్తాలట, నాకవేవీ లేవు. అప్పుడు చెప్పింది: నడుం నొప్పి లేనివాళ్ల స్కాన్లు, 3,110 మందివి, కలిపి చూసి 2015లో లెక్క తేల్చారట. 20 ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, 50 ఏళ్లవాళ్లలో 60 మందికి ఈ డిస్క్ బల్జ్ ఉందట. నొప్పి లేకుండానే! "మీ నొప్పి నిజం, కానీ ఈ కాగితం మీరనుకున్నంత నిజం కాదు" అంది. ఇంటికొచ్చి ఏడ్చాను. సంతోషంతోనో, పోయిన ఏడాది మీద కోపంతోనో నాకే తెలీదు.

ఇప్పుడు బస్సు సంగతి. మా బడి దారిలో 11 స్పీడ్ బ్రేకర్లు. ఏడోది చెరువు మలుపులో ఉంటుంది, డ్రైవరు స్పీడు తగ్గించడు. నాలుగోది దాటగానే నాకు దవడ బిగుసుకుంటుంది. ముందు సీటు కమ్మీ పట్టుకుని, పాదాల మీద బరువేసి కాస్త లేస్తాను. ఆరోదానికి ఒళ్లంతా కర్ర. ఏడోది రాకముందే నడుం లాగుతూ ఉంటుంది. ఒకరోజు పేపర్లు దిద్ది దిద్ది నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి తొమ్మిదోది. ఏడు ఎప్పుడు దాటిందో తెలియలేదు, నొప్పీ కొత్తగా ఏం పెరగలేదు! మర్నాడు మెలకువగానే ఉన్నాను, మళ్లీ మామూలే. భయం తెలివైనదే బాబూ, ఒక్క పాఠంతో లొంగదు.

రాత్రుళ్లు అదే భయం గుండెలోకి వస్తుంది. నిరుడు తెల్లవారుజామున మూడింటికి దడదడా కొట్టుకుని, చెమటలు పట్టి, హార్ట్ ఎటాకే అని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఈసీజీ నార్మల్. "టెన్షన్ అమ్మా, తగ్గించుకోండి" అన్నారు. ఎలాగో మాత్రం చీటీలో రాయలేదు. ఇంకో రాత్రి అలాగే అయితే టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు 14416 ఉంది కదా, దానికి చేశాను. ఏ వేళలోనైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. ఫోనెత్తినావిడ నాకేమీ బోధించలేదు. మంచం మీద కూర్చోబెట్టి నెమ్మదిగా ఊపిరి వదలమంది, అంతే. ఇప్పుడు నా సొంత మందు ఒకటుంది: 17వ ఎక్కం వెనక నుంచి. 170, 153, 136... 85 దగ్గరికొచ్చేసరికి గుండె కాస్త దారిలో పడుతుంది.

మందంటే గుర్తొచ్చింది. డాక్టరమ్మ రాత్రికి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాసింది. ఫోన్లో వెతికితే డిప్రెషన్‌కి వాడే మాత్ర అని వచ్చింది. "అంటే నాకు పిచ్చనుకుంటోందా?" అని వారం రోజులు బియ్యం డబ్బాలో దాచాను. తిరిగి వెళ్లినప్పుడు ఒప్పుకుంటే, ఇంత చిన్న మోతాదు నరాల నొప్పికి, నిద్రకి కూడా పనికొస్తుందని చెప్పింది. నోరెండిపోతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, కానీ నాలుగ్గంటలు నిద్రపడుతోందే! నువ్వు మాత్రం నా మాట విని నీ భుజానికి కొనేసుకోకు, నీ డాక్టర్నడుగు.

నాకింకా రాని పాఠం ఒకటుంది. నొప్పి తక్కువగా ఉన్న రోజు ఇల్లంతా కడిగేస్తాను, తర్వాత మూడు రోజులు మంచం. ఫిజియో అమ్మాయి రోజూ 15 నిమిషాల నడక, అదీ మంచిరోజైనా చెడ్డరోజైనా అంతే అంటుంది. మంచిరోజున 15 నిమిషాలకే ఆగడమే కష్టంగా ఉంది. మొన్న దీపావళికి మళ్లీ ఓడిపోయాను. అత్తయ్యగారు "నిన్నంతా తిరిగావుగా, ఇవాళేమొచ్చింది?" అన్నారు. ఆవిడ తప్పూ కాదు. బయటికి ఏం కనబడుతుంది చెప్పు, కట్టా, వాపా?

సరే, పెళ్లికి వస్తున్నాను. రైల్లో కింది బెర్తు మా ఆయన చూసుకుంటారు. నాకు వీపు ఆనే కుర్చీ ఒకటి వెయ్యి, ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు, మధ్యలో లేచి తిరుగుతానని నీ వియ్యపురాలికి ముందే చెప్పి ఉంచు. పసుపు దంచేటప్పుడు మాత్రం రోకలి నాకియ్యి. మూడంటే మూడే పోట్లు వేస్తాను. నాలుగోదానికి నా చేతిలోంచి లాక్కోవాల్సిన బాధ్యత నీది.

నీ
లెక్కల టీచరు