బడి బోర్డు మీద పిల్లల మాట, పిల్లల పేరు

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరుస్తారు. గోడలకు కొత్త రంగులు వేసి, వాటి మీద సూక్తులు రాయిస్తారు. వరండాలోని నల్లబల్ల మీద ‘నేటి మంచిమాట’ మళ్లీ మొదలవుతుంది. తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసినంత కాలం ఆ బోర్డు బాధ్యత నాదే. అందుకే విద్యాశాఖకు, సాటి ఉపాధ్యాయులకు మీ పత్రిక ద్వారా ఒక మనవి చేసుకుంటున్నాను: వారానికి ఒక్క రోజైనా ఆ బోర్డు మీద పిల్లలు సొంతంగా కూర్చిన మాటే ఉండాలి, దాని కింద వాళ్ల పేరే ఉండాలి.

ఇప్పుడు చాలా బడుల్లో జరిగేది వేరు. ప్రార్థనకు ముందు ఎవరి ఫోనుకో వచ్చిన వాక్యాన్ని ఒక విద్యార్థి ఎక్కించేస్తాడు. కింద వివేకానందుడి పేరో, అబ్దుల్ కలాం పేరో ఉంటుంది. ఆయన ఆ మాట ఎక్కడ అన్నారు, ఎప్పుడు అన్నారు అని అడిగేవారు ఉండరు. ‘ప్రపంచంలో నువ్వు చూడాలనుకునే మార్పు నువ్వే కావాలి’ అన్న వాక్యాన్ని గాంధీజీ పేరుతో ఎన్ని గోడల మీద చూశామో! ఆయన రచనలన్నీ 100 సంపుటాలుగా అచ్చయ్యాయి. ఈ వాక్యం ఈ రూపంలో వాటిలో ఎక్కడా లేదు. మనం మారగలిగితే లోకం తీరు కూడా మారుతుందన్న భావాన్ని మాత్రం ఆయన 1913లో, దక్షిణాఫ్రికా నుంచి నడిపిన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో రాశారు. జీవితమంతా సత్యం కోసం నిలబడిన మనిషి పేరు మీద, ఆయన అనని మాటను పిల్లల చేత చదివిస్తున్నాం. నాకు ఇది చిన్న తప్పుగా తోచదు.

పెద్ద పేరు చిన్నవాళ్ల మాటలను మింగేయడం మనకు కొత్త కాదు. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించేనాటికే అవి ఎన్నో తాళపత్ర ప్రతుల్లో ఎన్నో రకాలుగా ఉన్నాయి. మకుటం తగిలిస్తే చాలు, ఎవరి పద్యమైనా వేమన పద్యమైపోయింది. ఏవి ఆయనవో తేల్చడం పండితులకు ఇప్పటికీ కష్టమే. అలా పేరు పోగొట్టుకున్న కవులు ఎందరో మనకు ఎన్నటికీ తెలియదు.

సామెతలకైతే పేరే లేదు. కానీ ప్రతి సామెతనూ మొదట ఎవరో ఒకరు అనే ఉంటారు కదా. ‘అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది’ అన్నది ఎవరు? తప్పకుండా పంక్తిలో వడ్డించిన చేయే అయి ఉంటుంది. గాలికి లేచే ఖాళీ ఆకును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అన్నం పెట్టిన అనుభవం లేనిదే ఆ మాట పుట్టదు. అందులో అహంకారం, వినయం అన్న పదాలు లేవు. విస్తరి ఉంది, గాలి ఉంది. మిగతాది వినేవాడికే వదిలేశారు.

మా పిల్లలకు నేను చెప్పినదీ అదే. సూక్తి రాయమంటే మొదట అందరూ ‘జీవితం ఒక పోరాటం’, ‘ఓటమి విజయానికి తొలి మెట్టు’ అనే రాశారు. జీవితం, విజయం, ఓటమి, లక్ష్యం అన్న నాలుగు మాటలూ వాడకూడదని షరతు పెట్టాను. తరగతి అంతా పెన్నులు కొరుకుతూ కూర్చుంది. ఇంట్లో, పొలంలో, మగ్గం దగ్గర కళ్లారా చూసినదే రాయమన్నాను. అప్పుడు ఒక రైతు బిడ్డ రాశాడు: ‘కాలువ విలువ చివరి మడిని అడగాలి.’ ఇంకో అమ్మాయి: ‘లెక్క నాకు నిజంగా అర్థమైంది తమ్ముడికి చెప్పినప్పుడే.’ నేత పనివారి అమ్మాయి మొదట నాలుగు వాక్యాలు రాసింది. పోగు తెగితే నాన్న ఎందుకు వెంటనే మగ్గం ఆపేస్తాడో, అతకకుండా వదిలేస్తే ఏమవుతుందో అంతా వివరించింది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క మాటా తీసేస్తూ వచ్చాం. చివరికి మిగిలింది ఇది: ‘పడుగులో తెగిన పోగు చీరంతా కనబడుతుంది.’ వ్యాకరణ పాఠాల్లో నేను నేర్పలేకపోయిన పొదుపు ఆ పిల్లకు ఆ గంటలో పట్టుబడింది.

కొన్నాళ్లకు అదే వాక్యం ఉదయించే సూర్యుడి బొమ్మ మీద, ఒక మహానుభావుడి పేరుతో నా ఫోనుకు వచ్చింది. ఆ అమ్మాయికి చూపిస్తే, “నాదని చెబితే ఎవరు నమ్ముతారు టీచర్‌గారూ?” అంది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం రచయిత తన హక్కులను అమ్ముకున్నాక కూడా ‘ఇది నా రచన’ అని చెప్పుకోవచ్చు. అయితే ఒక్క వాక్యం కోసం తొమ్మిదో తరగతి పిల్ల కోర్టుకు వెళ్లదు. మాటను పంచుకునేటప్పుడు పేరు కత్తిరించకుండా ఉండవలసినది మనమే. ఎవరిదో తెలియకపోతే తెలియదనే రాద్దాం.

ఇంత చిన్న వయసులో జీవితం గురించి ఏం చెబుతారని కొందరు తోటి ఉపాధ్యాయులే అన్నారు. బడికి వచ్చే ముందు నీళ్లు మోసి, తమ్ముళ్లకు అన్నం పెట్టి, మగ్గం దగ్గర కండెలు చుట్టి వచ్చే పిల్లలకు చెప్పడానికి ఏమీ లేదంటే నేను ఒప్పుకోను. పెద్దల సూక్తులు వద్దని నేను అనడం లేదు. ఏ పుస్తకంలోదో, ఏ ప్రసంగంలోదో కింద రాసి వాటినీ చదివించాలి. అప్పుడు పిల్లలు ఆ పుస్తకం దాకా వెళతారు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి, సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవానికి వ్యాసరచన, వక్తృత్వం, పద్యపఠనం పోటీలు ఎలాగూ పెడతారు. వాటితో పాటు సొంత సూక్తికీ చోటివ్వాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను. మీ ఆదివారం అనుబంధంలో నాలుగు అంగుళాల స్థలం కేటాయించగలరా? బహుమతులేవీ అక్కరలేదు. మాట కింద పిల్లల పేరు, తరగతి, బడి పేరు తప్పుల్లేకుండా అచ్చువేయండి.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, మంగళగిరి