శత్రు విమానాలను కూల్చిందట మన టీయూ-142!

సంపాదకులు గారికి,

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మన విశాఖ బీచ్ రోడ్డు టీయూ-142 విమాన మ్యూజియం గురించి వేసిన వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, తప్పు మీకే తెలిసి మర్నాడు సవరణ వేస్తారేమోనని ఆగాను. వెయ్యలేదు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మీ విలేకరి గారి లెక్కన అది శత్రు విమానాలను వెంటాడి కూల్చిన జెట్ ఫైటర్. ఒక్క వాక్యంలో అన్ని తప్పులు ఇరికించడం కూడా ఒక విద్యే. అది జెట్ కాదు, ఫైటర్ అంతకన్నా కాదు, ఎవరినీ వెంటాడి కూల్చడం దాని పని కానే కాదు. రెక్కకి రెండేసి చొప్పున నాలుగు ఇంజిన్లు, వాటికి ఇంతింత ప్రొపెల్లర్లు కళ్లెదుట కనబడుతుంటే జెట్ అని ఎలా రాశారో! టికెట్ కొని లోపలికి వెళ్లక్కర్లేదు, ఆటోలో పోతూ తల తిప్పి చూసినా తెలిసే సంగతి. పోనీ ఫొటో అయినా సరిగ్గా ఉందా అంటే, ముందు వరసలో నిలబడ్డ పెద్దల తలకాయల వెనక తోక కొంచెం కనిపించింది. ఆ పెద్దల పేర్లు, హోదాలు మాత్రం ఒక్క అక్షరం తప్పు పోలేదు.

సోవియట్ వాళ్ల టీయూ-95 బాంబర్ నుంచి పుట్టిన సముద్ర గస్తీ విమానం ఇది. మన నౌకాదళం 1988లో ఎనిమిదింటిని తెచ్చుకుంది. మొదట గోవాలో, 1992 నుంచి తమిళనాడు అరక్కోణంలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళిలో ఉండేవి. 2017 మార్చి 29న సెలవిచ్చేదాకా 29 ఏళ్లు ఎగిరాయి. నౌకాదళం చెప్పిన ప్రకారం 30,000 గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా. అంత పెద్ద విమానాలు అన్నేళ్లు సముద్రం మీద తిరిగి, సిబ్బందిని ప్రతిసారీ క్షేమంగా తెచ్చి దించాయంటే, దాని వెనక ఎందరు మెకానిక్కులు ఎన్ని రాత్రులు మేలుకొని ఉంటారు? ఈ ముక్క మీ వార్తలో లేదు. సెల్ఫీలకు అనువైన చోటు అని మాత్రం ఉంది.

వాటి అసలు పని సబ్‌మెరైన్లను వెతకడం. నీళ్ల అడుగున దాక్కున్నదాన్ని ఆకాశంలోంచి ఎలా పట్టుకుంటారని పదేళ్ల పిల్లాడు కూడా అడుగుతాడు. ఆ జవాబు మ్యూజియంలోనే ఉంది. అక్కడ పెట్టిన సోనోబాయ్‌లను చూసి, ఏవో గొట్టాలనుకుని జనం ముందుకు నడిచిపోతారు. విమానంలోంచి జారవిడిస్తే అవి చిన్న పారాచూట్‌తో దిగి నీటి మీద తేలతాయి. లోపల్నుంచి ఒక తీగ, దాని కొసన నీళ్లలో చప్పుడు వినే మైకు లోతుకు దిగుతాయి. సబ్‌మెరైన్ యంత్రాల చప్పుడు అందుకుని రేడియోలో పైకి పంపడం దాని పని. కొన్నిటిని వరసగా పడేసి, ఏది గట్టిగా వింటోంది, ఏది మెల్లగా వింటోంది అని పోల్చి చూసుకుంటూ, కిందున్నది ఎక్కడుందో ఎటు పోతోందో విమానంలో కూర్చున్నవాళ్లు లెక్క కడతారు. ఇక నిలువు తోక పైకొసన వెనక్కి పొడుచుకొచ్చిన కడ్డీ ఉంది కదా, ఉక్కు సబ్‌మెరైన్ వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను పసిగట్టే పరికరం దాన్లో ఉంటుంది. విమానం ఒంట్లోని లోహం, కరెంటు దానికి అడ్డు రాకూడదని అంత దూరాన పెట్టారు.

ప్రొపెల్లర్లను కూడా ఒక్క నిమిషం నిలబడి చూడాలి. ఒక్కో ఇంజిన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండుంటాయి, ఒక్కోదానికి నాలుగు రెక్కలు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది రెండోవైపు తిరుగుతుంది. ముందుది గాలిని సుడి తిప్పి వదిలేస్తే, వృథాగా పోయే ఆ బలాన్ని వెనకది మళ్లీ వాడుకుంటుంది. విమానాన్ని ఒక పక్కకు లాగే గుణం కూడా దాంతో విరుగుతుంది. ప్రొపెల్లర్ విమానాల్లో ఇంత వేగంగా పోయేవి అరుదు. చప్పుడు మాత్రం అదిరిపోయేది.

దీన్ని మన ఊళ్లోనే ఎందుకు నిలబెట్టారో కూడా మీ వార్త చెప్పలేదు. రోడ్డుకు ఆవలి పక్క ఇసుకలో కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్. ఈవల సబ్‌మెరైన్లను వేటాడే విమానం. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది మన తీరానికి దగ్గర్లోనే. అంతకు ముందు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. నీళ్ల కింద నుంచీ ఆకాశం నుంచీ వచ్చే ముప్పు రెండూ చూసిన ఊరిది. కురుసుర ముందు ఐస్‌క్రీం తింటూ ఫొటో దిగే కుర్రాళ్లలో ఘాజీ పేరు ఎందరికి తెలుసో మీ విలేకరిని పంపి అడిగించండి, అది అసలైన వార్త అవుతుంది.

మిమ్మల్నొక్కరినే అనడం న్యాయం కాదులెండి. పిల్లల్ని బస్సుల్లో తెచ్చే స్కూళ్లు వాళ్లను వరసలో ఒక గుమ్మంలో ఎక్కించి ఇంకో గుమ్మంలో దింపేస్తాయి. మేస్టారికే తెలియదు, ఇక పిల్లలకేం చెబుతారు? మన అధికారుల సంగతి సరేసరి. ఏది కట్టినా ముందు శిలాఫలకం, తర్వాత రంగు లైట్లు, ఆ తర్వాత పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఊరి పేరు. చరిత్ర చెప్పే నాలుగు తెలుగు వాక్యాలకు మాత్రం ఎక్కడా నిధులుండవు. ప్రారంభోత్సవానికి దొరికే డబ్బు పదో ఏట మరమ్మతుకు ఎందుకు దొరకదో ఈ దేశంలో ఎవరూ చెప్పలేరు.

మరమ్మతు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. అల్యూమినియం ఒంటికి ఉప్పుగాలి పడదు. అందుకే సముద్రం మీద తిరిగి వచ్చిన విమానాలను మంచినీళ్లతో కడుగుతారు. 2017 ఏప్రిల్‌లో ఈ విమానం తనంత తానే ఎగిరి విశాఖ వచ్చింది. తర్వాత విడగొట్టి బీచ్‌కు తెచ్చి మళ్లీ బిగించారు. ఆ డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. అప్పట్నుంచి రాత్రింబవళ్లు అలల గాలికే నిలబడి ఉంది. కడగడం, రంగు వేయడం, తుప్పు పరీక్షలు ఏ ఏడాది ఏమేం చేశారో గేటు దగ్గర బోర్డు మీద రాసి పెడితే మాలాంటి నసగాళ్లకు నోరు మూతపడుతుంది.

నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరుంటారు. సాయంత్రాలు పార్కు బెంచీల మీద కూర్చునే వాళ్లను వారానికి రెండు పూటలు అక్కడికి పిలిచి, పిల్లలకు తెలుగులో చెప్పమంటే కాదనేవాళ్లు ఉండరు. ఒక కుర్చీ, ఒక కప్పు టీ ఖర్చు. ఫైలు కదలడానికి ఎన్నేళ్లు పడుతుందో మాత్రం చెప్పలేను.

ఈ ఉత్తరం మీరు వేసినా మానినా, సవరణ మాత్రం వెయ్యండి. వార్త వచ్చిన పేజీలోనే, అంత అక్షరాల్లోనే. చిన్న ప్రకటనల కింద మూలన కాదు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
విశాఖపట్నం