హైదరాబాద్ పేరున్న ఆ బాంబర్ విమానాల దళం కోసం సాయపడిన వాళ్లందరికీ

మా కాలనీ గ్రంథాలయంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ (విమాన దళం) మీద పెట్టిన చిన్న ప్రదర్శన మొన్న ఆదివారంతో ముగిసింది. చేయి వేసిన వాళ్లకు ఫోన్లు చేసి చెప్పాను గానీ, నలుగురిలో చెప్పందే నాకు తృప్తి లేదు. పేర్లు వద్దని కొందరు గట్టిగా అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి సంగతో వాళ్లకు తెలుస్తుంది.

ప్రదర్శన చూడని వాళ్ల కోసం ముందు అసలు విషయం. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు మూడు ఉండేవి: 110, 152, 253. 1918లో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌కు తీసుకెళ్లిన డీహెచ్ 9ఏ విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చినవి. ఆ మాట విమానాల మీదే రాయించారు. నిజాం దానం అని అందరూ అంటారు. సర్ఫెఖాస్ (నిజాం సొంత ఎస్టేటు) డబ్బయినా, దివానీ (ప్రభుత్వ ఖజానా) డబ్బయినా శిస్తు కట్టింది మాత్రం రైతులు. ఈ వాక్యం బోర్డు మీద ఉండాల్సిందేనని పట్టుబట్టిన ఉర్దూ మాస్టారికి మొదటి దండం. ఇద్దరు ముగ్గురు మొహాలు చిట్లించారు. అయినా ఉంచాం.

ఇక ప్రదర్శనకు మూలమైన రోజు 1939 సెప్టెంబర్ 4. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు. విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర లంగరేసిన జర్మన్ యుద్ధనౌకల మీదికి 110 నుంచి ఐదు, 107వ స్క్వాడ్రన్ నుంచి ఐదు బ్లెన్‌హైమ్ తేలికపాటి బాంబర్లు వెళ్లాయి. ముందు నడిపింది 110కి చెందిన కెన్నెత్ డోరన్. ఆ యుద్ధంలో బ్రిటన్ చేసిన మొట్టమొదటి బాంబు దాడి ఇదే.

ఇక్కడ సైనిక్‌పురి పెద్దాయన గురించి చెప్పాలి. వాయుసేనలో గ్రౌండ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. నేను రాసిన మొదటి ప్రతి అంతా వీరగాథ. ఆయన అది పక్కన పెట్టేసి, "ఫ్యూజు సంగతి రాయవయ్యా" అన్నారు. ఆ రోజు మబ్బులు బాగా కిందికి దిగి ఉన్నాయి. కాబట్టి విమానాలూ నీటికి దగ్గరగా, కిందనే ఎగరాలి. అంత కింద నుంచి వేసిన బాంబు తగలగానే పేలితే వేసిన విమానమే ముక్కలవుతుంది. అందుకని 11 సెకన్లు ఆగి బాంబును పేల్చే ఫ్యూజు పెట్టారు. ఫలితం? అడ్మిరల్ షీర్ నౌకకు బాంబులు తగిలాయి గానీ పేలలేదు. మొదటి విమానం వచ్చేసరికి ఓడ మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయట, అంత ఏమరుపాటుగా ఉన్నారు. వెనక వచ్చిన వాళ్లకు ఆ అదృష్టం లేదు. ఫిరంగులు అప్పటికే సిద్ధం. 107 నుంచి వెళ్లిన ఐదింటిలో నాలుగు తిరిగి రాలేదు. 110 నుంచి ఒకటి రాలేదు. పెద్దాయన ఇదంతా టీ గ్లాసులు టేబుల్ మీద అటూ ఇటూ జరుపుతూ చెప్పారు. ప్రదర్శనలో పిల్లలు ఎక్కువసేపు నిలబడ్డది ఈ దాడిని చూపించే పటం ముందే.

రాని ఆ ఒక్క విమానానికి పైలట్ ఫ్లయింగ్ ఆఫీసర్ హెన్రీ లవెల్ ఎండెన్. చాలా కథనాల ప్రకారం అది కూలింది ఎండెన్ అనే జర్మన్ క్రూయిజర్ (ఒక రకం యుద్ధనౌక) మీదే. అందులో ఉన్న వాళ్లు ఎవరూ బతకలేదు. ఓడ మీదా నావికులు చనిపోయారు. ఈ పేరు కలవడాన్ని పెద్ద అక్షరాల్లో శీర్షిక చేద్దామని ఒకరిద్దరు అన్నారు, నాకు మనసొప్పలేదు. చావుల దగ్గర చమత్కారం ఏమిటి? హాంబర్గ్‌లో ఉంటున్న తమ్ముడు జర్మన్ రాతలు చదివి రాత్రిళ్లు మెసేజీలు పెట్టాడు. ఓడ వాళ్లను కూడా అదే బోర్డులో, అదే సైజు అక్షరాల్లో పెట్టమని అడిగిందీ అతనే. అలాగే పెట్టాం.

"మద్రాసు మీద గుండ్లు వేసిన ఎండెనేనా?" అని పెద్దవాళ్లు చాలామంది అడిగారు. కాదండీ. 1914 సెప్టెంబర్‌లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఓడ పని ఆ నవంబర్‌లోనే హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర అయిపోయింది. ఇది 1925లో నీళ్లలోకి దించిన మరో ఓడ, అదే పేరుతో.

ఇప్స్‌విచ్‌లో ఉండే అక్క సెలవు రోజు పెట్టుకుని, ఆ బ్లెన్‌హైమ్‌లు బయల్దేరిన వాటిషమ్ వైపు వెళ్లి, చుట్టుపక్కల ఊళ్ల ఫొటోలు తీసి పంపింది. వానలో తడిసి జలుబు కూడా తెచ్చుకుంది పాపం. చెక్కతో బ్లెన్‌హైమ్ నమూనా చేసిన మా వీధి వడ్రంగి అన్న కూలి తీసుకోలేదు, కర్ర ఖర్చు మాత్రం తీసుకున్నాడు. బోర్డులు ప్రింట్ చేసిన కుర్రాడు అచ్చుతప్పులు దిద్దిన ప్రతిసారీ మళ్లీ వేసిచ్చాడు, విసుక్కోకుండా. తాళం ఇచ్చి, మేం సర్దుకునేదాకా రాత్రి కూర్చున్న లైబ్రేరియన్ అమ్మకు ఎంత చెప్పినా తక్కువే.

నమూనా గ్రంథాలయానికే ఇచ్చేశాం. బోర్డులు మా ఇంట్లో ఉన్నాయి, ఏ బడి వాళ్లు అడిగినా ఇస్తాను, ఆటో ఖర్చు పెట్టుకుంటే చాలు. వచ్చేసారి 152 మీద చేయాలని ఉంది, అది స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల దళం. పాత ఫొటోలు, కాగితాలు ఇళ్లల్లో ఉన్నవాళ్లు చెప్పండి, వచ్చి చూసి స్కాన్ చేసుకుని అక్కడే తిరిగి ఇచ్చేస్తాను.