రాత్రి నడవాల్సిన దారిని పగలే చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

చదువు ముగించుకుని ఉద్యోగం కోసమో, శిక్షణ కోసమో హైదరాబాద్ చేరే యువతీయువకులు ఏటా వేసవి చివర్లో మా మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి ప్రాంతాల హాస్టళ్లలోనూ అద్దె గదుల్లోనూ పెద్ద సంఖ్యలో దిగుతుంటారు. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు పెద్దవాళ్లు వారికి చెప్పి పంపే జాగ్రత్తలన్నీ దొంగల గురించీ మోసగాళ్ల గురించీ ఉంటాయి. అవి అవసరమే, కాదనను. అయితే ఈ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిగా నాకు తెలిసినంతలో, రాత్రిపూట బస్సో ఆటోనో దిగి ఇంటి గేటు చేరేదాకా ఉండే ఆ చివరి అర కిలోమీటరులో ముందుగా భయపడవలసింది మన కాళ్ల కింది నేలకే. ఈ సంగతి కొత్తగా వచ్చినవారికి చెప్పేవారు లేరు, సరిచేయవలసినవారికి పట్టదు.

2021 సెప్టెంబరు 25 రాత్రి జోరువానలో మణికొండలో నడిచి వెళ్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పనుల కోసం తవ్వి వదిలేసిన డ్రైనేజీ గుంతలో పడి కొట్టుకుపోయారు. రెండు రోజుల గాలింపు తర్వాత ఆయన మృతదేహం నెక్నాంపూర్ చెరువులో దొరికింది. ఆ దారిలో ఒక అడ్డుకట్ట, ఒక ఎర్రదీపం ఉండి ఉంటే ఆ మనిషి ఇల్లు చేరేవారు. అప్పట్లో కొన్నాళ్లు హడావిడి జరిగింది. ఈనాటికీ మా వీధుల్లో కేబుల్ కోసమో, పైపుల కోసమో తవ్వినచోట మట్టికుప్ప పక్కన పసుపు ప్లాస్టిక్ రిబ్బను ఒకటి కట్టి వెళ్లిపోవడమే పద్ధతిగా సాగుతోంది. ఆ రిబ్బను మర్నాటికి తెగి చెట్టుకొమ్మకు వేలాడుతుంటుంది.

అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట, గదిలో సామాను సర్దుకున్న రోజే వెలుతురు ఉండగా మెయిన్‌రోడ్డు దాకా ఒకసారి నడిచి వెళ్లి తిరిగి రమ్మని. ఎక్కడ మ్యాన్‌హోల్ మూత కుంగిందో, ఎక్కడ నాలా మీద పలక లేదో, ఏ కరెంటు స్తంభానికి దీపం ఉందో, ఏ దీపాన్ని కానుగ కొమ్మలు కప్పేశాయో, ఏ ఖాళీ ప్లాటు పక్కన ప్రహరీ లేదో అప్పుడే తెలుస్తుంది. వానాకాలంలో ఈ పని రెట్టింపు అవసరం. రోడ్డు మీద నిలిచిన నీరు పోవడం కోసం ఇరుగుపొరుగువారే మ్యాన్‌హోల్ మూతలు తీసి పక్కన పెట్టడం మన నగరంలో మామూలైపోయింది. అలా తీయడం నేరమని నగరంలో నీటి సరఫరా, మురుగునీటి పారుదల చూసే జలమండలి ఏటా హెచ్చరిస్తూనే ఉంది. మూత లేని మ్యాన్‌హోల్ కనబడితే 155313 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. నీళ్లు నిలిచిన వీధిలో రోడ్డు మధ్య నుంచి నడవడం కంటే, ఎంత దూరమైనా చుట్టూ తిరిగి వెళ్లడమే మేలు.

ఇక ఫోన్ సంగతి. దారి తెలియనివారు మ్యాప్ చూసుకుంటూ నడవడం సహజమే గానీ, ఆ మ్యాప్ చూపేది దగ్గరి దారినే. దీపాలున్న దారి ఏదో, మనుషులు తిరిగే దారి ఏదో దానికి తెలియదు. పుప్పాలగూడ వైపు రెండు అపార్ట్‌మెంట్ల మధ్య బండరాళ్ల పక్కగా పోయే కాలిబాటలను కూడా అది రోడ్లుగానే చూపడం నేను గమనించాను. పైగా చీకట్లో తెర వెలుగును చూస్తూ నడిచేవారికి ఆ చుట్టుపక్కల నేల కనబడదు, చేతిలోని ఫోన్ మాత్రం బైకు మీద వచ్చేవాడికి స్పష్టంగా కనబడుతుంది. దారి ముందే చూసి పెట్టుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేసి నడవాలి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపున నడవడం పాత నియమమే. రాంగ్ రూట్‌లో వచ్చేవారు ఎక్కువైన మన నగరంలో వెనక్కి కూడా ఒక కన్ను వేసి ఉంచక తప్పదు.

కుక్కల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించిన తర్వాత ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. మా వీధుల్లో అవి గుమికూడేది చికెన్ సెంటర్ల వెనుకా, చెత్త పడేసే మూలల దగ్గరా. పగలు నడిచి చూసినవారికి ఆ చోట్లు ముందే తెలిసి ఉంటాయి కనుక రాత్రి తప్పించుకుని పోగలరు. ఎదురైతే పరుగెత్తకూడదు, రాయి కోసం వంగి వెతుక్కోకూడదు, బ్యాగును ముందుకు తెచ్చుకుని నిలబడి మెల్లగా వెనక్కి జరగాలి. కరిస్తే, చిన్న గాటే కదా అనుకోకుండా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపో కారమో అద్ది ఊరుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం దాదాపు లేదన్న సంగతి వారికి గట్టిగా చెప్పాలి.

మహిళల కోసం పోలీసులు చేసిన ఏర్పాట్లను తక్కువ చేయలేను. 2014లో మహిళలను వేధించేవారిని పట్టుకునే పోలీసు బృందాలైన షీ టీమ్స్ వచ్చాయి. 2024 మార్చిలో మొదలైన టీ-సేఫ్ సేవ ద్వారా ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్తున్న మహిళ ప్రయాణాన్ని పోలీసులు గమనిస్తూ ఉండవచ్చు. కానీ వీధి తవ్వి ఉందని డ్రైవరు మలుపు దగ్గరే దింపేస్తే, అక్కడి నుంచి ఆమెది కాలినడకే. చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను వరుసగా నొక్కితే, పాత తరహా ఫోన్లలో 5 లేదా 9 అంకెను కాసేపు నొక్కి పట్టుకుంటే, అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. తన ఫోన్‌లో అది ఎలా పనిచేస్తుందో ముందే చూసి పెట్టుకోవాలి. పోలీసులు ఎత్తి ఎక్కడున్నారని అడిగితే ఏం చెప్పాలి? మెహదీపట్నం నుంచి అత్తాపూర్ వైపు పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబితే సరిపోతుంది, మెట్రో కింద ఉంటే మెట్రో పిల్లర్ నంబరు ఉంది. మా కాలనీల్లో వీధి పేరు రాసిన బోర్డులే అరుదు, సాయి పేరుతో మొదలయ్యే అపార్ట్‌మెంట్లు మాత్రం ప్రతి మలుపులోనూ ఉన్నాయి. కనుక గుడి, ట్రాన్స్‌ఫార్మర్, మెడికల్ షాపు వంటి గుర్తులు రెండు మూడైనా నోటికి వచ్చి ఉండాలి.

హాస్టళ్ల యజమానులకూ ఒక మనవి. రాత్రి పదిన్నరకు గేటుకు తాళం వేయడం భద్రత కోసమే అంటారు. షిఫ్టు ముగించుకుని పన్నెండింటికి వచ్చే అమ్మాయి ఆ గేటు ముందు బెల్లు కొడుతూ నిలబడే పది నిమిషాలు ఎవరి భద్రత కిందికి వస్తాయో వారే చెప్పాలి.

పోలీసు గస్తీ వాహనాలు మైకులో చెప్పి టిఫిన్ బండ్లనూ పాన్‌డబ్బాలనూ మూయించడం కూడా ఇటువంటిదే. బండి దగ్గర నలుగురు గొడవ చేస్తే వారిని పంపేయాలి గానీ, వీధిలో ఉన్న ఒక్క దీపాన్నీ, పిలిస్తే పలికే ఒక్క మనిషినీ పంపేస్తే ఎలా? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలు ఉండాలి. బస్‌స్టాపుల నుంచి కాలనీల్లోకి వెళ్లే మలుపుల దగ్గర అర్ధరాత్రి దాకా బండ్లకు అనుమతి ఇచ్చే విషయం ఆ కమిటీలు పరిశీలించాలి.

ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కుకు సంబంధించిన 21వ అధికరణం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. మా ప్రాంతపు ఇంజనీర్లను నేను అంత పెద్ద కోరిక కోరడం లేదు. వానలు మొదలవకముందే, రాత్రి పది దాటాక, వాహనం మెయిన్‌రోడ్డు మీదే ఆపి, టార్చిలైటు లేకుండా ప్రతి కాలనీలో ఒక వీధి చివరిదాకా నడవమనీ, నడవలేకపోయిన చోట్ల జాబితాను పని పూర్తయ్యే తేదీలతో సహా వార్డు కార్యాలయం గోడకు అంటించమనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మణికొండ నివాసి ఒకరు