రిసీప్ట్ అన్నవాళ్లను చూసి నవ్వకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంగ్లీషు మాటలను తప్పుగా పలికేవాళ్ల మీద పాఠకులు పంపే జోకులను మీ ఆదివారం సంచికలో కొన్ని వారాలుగా వేస్తున్నారు. చదివితే నవ్వొస్తుంది, కాదనను. నేను ఇరవై ఆరేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. క్యూ అనే మాటను మొదటిసారి పుస్తకంలో చూసిన పిల్లవాడు అక్షరాలన్నీ కూడబలుక్కుని "క్వీవ్" అంటే తరగతంతా ఘొల్లుమనేది. ఆ మాటలో ఉన్నవి అయిదక్షరాలు. మొదటి అక్షరం పేరు చెబితే చాలు, మాట అయిపోయినట్టే. మిగతా నాలుగింటినీ కూడా పలకాలని చూశాడు వాడు. నేర్పిన ప్రకారమే చదివాడు కదా!

ఈ ఉత్తరం రాయడానికి కారణం మాత్రం పోయిన నెల ఒక బిల్లు కట్టే కౌంటర్ దగ్గర చూసిన సంగతి. నా ముందు ఒక పెద్దాయన ఉన్నారు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి లోపలికి ఇచ్చి, "బాబూ, రిసీప్ట్ ఇయ్యి" అన్నారు. లోపలున్న అబ్బాయి "ఏంటి తాతా, రిసీ...ప్టా?" అని ఆ "ప్" దగ్గర పెదాలు బిగించి, పేల్చినట్టుగా పలికాడు. పక్క సీటులో ఉన్న అమ్మాయికి వినబడాలని ఇంకోసారి అన్నాడు. లైన్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వారు గానీ మొహం చిన్నబోయింది. చిల్లర జేబులో వేసుకుని గబగబా వెళ్లిపోయారు. కాగితం మాత్రం తీసుకోలేదు. నవ్వుల్లో పడి ఆ అబ్బాయీ ఇవ్వడం మరిచిపోయాడు. నేను కేకేసేసరికి ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ డబ్బు కట్టలేదని రేపు ఎవరైనా అంటే, కట్టానని చూపించడానికి ఆయన చేతిలో ఏముంది?

ఈ మాట స్పెల్లింగులో పి ఉన్నా దాన్ని పలకరు, రిసీట్ అనే అంటారు. ఆయన పలికిన ఆ "ప్" ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అబ్బాయికి తెలిసుంటే నవ్వేవాడు కాదు. ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అందులో పి లేదు, పలుకులోనూ లేదు. లాటిన్ మూలంలో పి ఉంది కాబట్టి ఇంగ్లీషులోనూ కనబడాలని తర్వాతి కాలపు పండితులు దాన్ని తెచ్చి స్పెల్లింగులో ఇరికించారు. రిసీట్, డిసీట్ (మోసం), కన్సీట్ (అహంకారం) మూడూ ఒకే లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాటలు. వాటిలో ఒక్క రిసీట్‌కే ఈనాటికీ ఆ పి అంటుకుని ఉంది. అప్పు అని అర్థమిచ్చే డెట్‌లో బి కూడా ఇలాగే లాటిన్ మీద గౌరవంతో చేర్చిందే. ఐలాండ్‌లో ఎస్ సంగతి మరీ అన్యాయం. అసలా మాటకు లాటిన్‌తో సంబంధమే లేదు. దీవి అనే అర్థమే ఉన్న వేరే మాట ఐల్‌ను చూసి పొరపాటున చేర్చారు. అంటే తప్పు చేసింది స్పెల్లింగు దిద్దినవాళ్లు, నవ్వులపాలవుతున్నది ఉన్నదున్నట్టు చదివినవాళ్లు.

ఇంకో సంగతి. షేక్‌స్పియర్ నాటకం "లవ్స్ లేబర్స్ లాస్ట్" 1598లో అచ్చయింది. అందులో ఒక బడిపంతులు పాత్ర డెట్, డౌట్ అనే మాటల్లో బి పలకనివాళ్ల మీద మండిపడతాడు. ఆయన లెక్కన "డెబ్ట్" అనడమే చదువుకున్నవాడి లక్షణం. ఇవాళ "డెబ్ట్" అంటే మన జోకుల శీర్షికలో వేస్తారు. నాలుగు వందల ఏళ్లలో నవ్వేవాళ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మారారు.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ ఫాల్ట్. దాని అర్థమే తప్పు, లోపం. ఇందులో ఎల్ కూడా లాటిన్‌ను చూసి తెచ్చిపెట్టిందే. చాలాకాలం దాన్ని ఎవరూ పలకలేదు. 18వ శతాబ్దపు కవి అలెగ్జాండర్ పోప్ ఈ మాటకు థాట్‌తో అంత్యప్రాస కట్టాడు. అక్షరాన్ని చూసి ఎల్ పలికేవాళ్లు క్రమంగా పెరిగారు, చివరికి అదే ఒప్పయింది. ఇవాళ అందరూ ఎల్‌తోనే అంటున్నారు. ఆఫెన్‌లో టి పలకడాన్ని కూడా ఇప్పుడు నిఘంటువులు ఒప్పుకుంటున్నాయి. మరి రిసీప్ట్ అన్న పెద్దాయన చేసిన నేరమేమిటి?

ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్లకూ నాలుక తడబడుతుంది. అమెరికా అధ్యక్షులుగా చేసిన ఐసెన్‌హోవర్, జార్జ్ డబ్ల్యూ. బుష్ ఇద్దరూ న్యూక్లియర్‌ను "న్యూక్యులర్" అనేవారు. ఉచ్చారణ అని అర్థమిచ్చే ప్రొనన్సియేషన్‌ను "ప్రొనౌన్సియేషన్" అనేవాళ్లు ఇంగ్లండులోనూ కోకొల్లలు. వాళ్ల నోట మన మాటలు పడ్డ పాట్లు కూడా గుర్తు చేసుకోవాలి. మన పందికొక్కు వాళ్ల నాలుక మీద "బాండికూట్" అయి నిఘంటువుకెక్కింది. దాన్ని తప్పని ఎవరన్నారు?

మన భాషలో ఇది కొత్తా? సింహం సింగమైంది, రాత్రి రాతిరైంది, సముద్రం సంద్రమైంది, భక్తి బత్తి అయింది. వీటిని మన వ్యాకరణం తద్భవాలని గౌరవంగా పిలిచింది, కవులు పద్యాల్లో వాడారు. మాట చివర అచ్చు లేకపోతే తెలుగు నాలుకకు తోచదు, అందుకే బస్సు, రోడ్డు, బల్బు అంటున్నాం. రిసీట్‌కు మనకున్న రశీదు కూడా ఫారసీ "రసీద్‌"కు మనం తొడిగిన తెలుగు రూపమే. పెద్దాయన రశీదు అని అడిగుంటే ఎవరూ తిరిగి చూసేవాళ్లు కాదు. కౌంటర్ దగ్గర ఇంగ్లీషు మాట వాడితేనే మర్యాద దక్కుతుందని ఆయనకు అనిపించి ఉంటుంది. అలా అనిపించేలా చేసింది మనమే.

ఎలా పలికినా ఫర్వాలేదని నేను అనడం లేదు. థర్టీన్‌కూ థర్టీకీ తేడా వినబడకపోతే పదమూడు అనుకున్నది ముప్పై అవుతుంది, లెక్క తారుమారవుతుంది. అలాంటివి నేర్పాలి, పదిసార్లు పలికించాలి. నేర్పడానికి నవ్వు అక్కర్లేదు. నా తరగతిలో ఒక అమ్మాయి వెన్స్‌డేను "వెడ్నెస్‌డే" అని చదివింది. అందరూ నవ్వారు. నేను వెంటనే నోరు మూయించలేదు. ఆ పిల్ల ఆ ఏడాదంతా లేచి పైకి చదవలేదు. పిలిస్తే "గొంతు నొప్పి టీచర్" అనేది. ఆ మాట వోడెన్ అనే దేవుడి పేరు మీద వచ్చిందనీ, పాత ఇంగ్లీషులో ఆ డి నిజంగానే పలికేదనీ ఆ రోజు నేను చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే ఆ పిల్ల పలికిన డి వెయ్యేళ్ల కిందటి పలుకులోదని తరగతికి తెలిసేది, ఆ తర్వాత ఇప్పటి పలుకు నేర్పేదాన్ని. అదే సంగతిని తర్వాత వచ్చిన పిల్లలకు మొదటి వారంలోనే చెప్పేదాన్ని. వాళ్లలో పైకి చదవడానికి వెనకాడినవాళ్లు తక్కువ.

ఇంగ్లీషు చెప్పే టీచర్లకు నా విన్నపం ఇదే. పలకని అక్షరం ఉన్న మాట పాఠంలో వస్తే, పిల్లల చేత చదివించడానికి ముందే దాని పలుకూ దాని కథా చెప్పండి. కౌంటర్లలో కూర్చునేవాళ్లు మనిషి ఏమడిగాడో అర్థమయ్యాక అడిగింది ఇవ్వండి, చాలు.

మిమ్మల్ని కోరేది కూడా చిన్నదే. ఆ జోకులు ఆపి, అదే చోట వారానికొక మాట తీసుకుని అది ఎలా రాస్తారో, ఎలా పలుకుతారో, ఆ తేడా ఎందుకొచ్చిందో నాలుగు వాక్యాల్లో వేయండి. పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. పెద్దవాళ్లు కూడా, ఎవరినీ అడగనక్కర్లేకుండా, తమంతట తాము చదువుకుంటారు. మొదటి వారం రిసీట్ వేయండి. ఆ కౌంటర్ గోడకు అంటించమని నేనే పట్టుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్