టైఫాయిడ్ టీకాలో ఉన్నది పంచదార కాదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ ఆరోగ్యం పేజీలో టైఫాయిడ్ టీకాను 'బ్యాక్టీరియా చక్కెరతో తయారైన టీకా' అని రాశారు. మాట తప్పు కాదు. కానీ ఆ సాయంత్రమే పక్కింటి అమ్మాయి తొమ్మిది నెలల బాబును చంకనేసుకుని, మీ పేపరు మడిచి పట్టుకుని వచ్చింది. "ఆంటీ, మా అత్తగారికీ మా ఆయనకీ షుగర్ ఉంది. వీడికి ఈ చక్కెర టీకా వేయిస్తే ఏమీ కాదు కదా?" అంది. ఈ టెన్షన్ ఇంకెన్ని ఇళ్లలో ఉందోనని రాస్తున్నాను.

ఒక టీకాల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో 19 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటిమీద ఉండే పూతను వీఐ పాలిశాకరైడ్ అంటాం. అది గ్లూకోజు కాదు. వేరే రకం చక్కెర తునకలు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. ఒక డోసులో ఉండేది 25 మైక్రోగ్రాములు. చెంచా పంచదార 4 గ్రాములనుకుంటే, అందులో లక్షా అరవై వేలవ వంతు!

ఆ గొలుసును బ్యాక్టీరియా ప్రోటీన్ల నుంచి, డీఎన్ఏ నుంచి విడదీసి శుభ్రం చేశాక, దాని పొడవు సరిగా ఉందో లేదో చూడటానికి మా కాలమ్ దగ్గరికి వచ్చేది. కాలమ్ అంటే సన్నటి జెల్ పూసలు నింపిన గాజు గొట్టం. ఆ పూసలు సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్‌వి, అదీ చక్కెర గొలుసే. జెల్‌ను మజ్జిగలా కలిపి గోడవారగా పోయాలి. గాలి బుడగ చిక్కితే పని చెడినట్టే. ముందు నీలం రంగు డెక్స్‌ట్రాన్ (రంగు పట్టించిన పెద్ద చక్కెర గొలుసు) పోసి చూసేవాళ్లం. నీలి పట్టీ గీత గీసినట్టు సమంగా దిగితే సరే, ఓ పక్కకు ఒరిగితే మొత్తం తీసి మళ్లీ నింపాలి.

ఇంట్లో జల్లెడ పడితే సన్నవి ముందు రాలతాయి. ఇక్కడ తిరగబడుతుంది. చిన్నవి పూసల రంధ్రాల్లో దూరి తిరుగుతూ ఆలస్యమవుతాయి, పెద్దవి పక్కనుంచి ముందే దిగిపోతాయి. ఒకసారి ఒక బ్యాచ్ గొలుసులు బాగా ఆలస్యంగా దిగాయి. మళ్లీ వేసినా అంతే. గొలుసులు మధ్యలో తెగిపోయాయన్నమాట. గ్రాఫు చూపించాను, ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గానీ, అది పిల్లల దాకా వెళ్లలేదు.

రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు ఒట్టి చక్కెర గొలుసును సరిగా గుర్తుపట్టదు. అందుకే దాన్ని ఒక ప్రోటీన్‌కు జతచేస్తారు. జత కలవకుండా మిగిలిన ప్రోటీన్‌ను తీసేయడానికీ ఇలాంటి కాలమ్ గొట్టమే పనికొస్తుంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ ఇలా తయారుచేసిన టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర్లో ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత, భద్రత పరిశీలించి ఇచ్చే ఆమోదం) ఇచ్చింది. 2019లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో లక్షలాది పిల్లలకు వేసింది ఆ టీకానే.

ఈసారి టీకా గురించి రాసేటప్పుడు అది ఏ చక్కెరో, డోసులో ఎంత ఉంటుందో రెండు వాక్యాలు చేర్చండి. పక్కింటి అమ్మాయి శనివారం బాబుకు టీకా వేయిస్తానంది. ఆ చెంచా లెక్క వాళ్ల అత్తగారికీ చెప్పమని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

— విశ్రాంత క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్, ఏఎస్ రావు నగర్, హైదరాబాద్